ఎదురుగా కనిపించే ఆ కొండ ఏది? అరకు, పాడేరు శిఖరాలను గుర్తుపట్టడం ఎలా

గాలికొండ వ్యూపాయింట్ దగ్గర నిలబడిన ప్రతిసారీ ఒక ప్రశ్న వింటుంటాను. "ఆ చివర ఎత్తుగా కనిపిస్తున్నదే, అదేం కొండ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పక్కవాళ్ళు "ఏదో కొండలే" అంటారు. ఫోటో తీసుకుంటారు, కారెక్కుతారు. నాకు మనసు చివుక్కుమంటుంది. మన ఉత్తరాంధ్రలో కొత్త మనిషి కనబడితే "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడగందే వదలరు. కొండని కూడా అలాగే అడగాలి. ఏ వరసలోది, ఏ కనుమ దగ్గర పక్క కొండతో కలుస్తుంది, దాని నీళ్ళు ఎటు పోతాయి అనే మూడూ తెలిస్తే ఆ కొండ మీకు తెలిసినట్టే. ఎత్తు అంకె ఆ తర్వాత వస్తుంది.

నేను చేసే పద్ధతిని వరసగా చెబుతాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండలని ఉదాహరణగా తీసుకున్నాను. నల్లమలలోనో శేషాచలంలోనో మీకు పని ఉంటే అక్కడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు హద్దు గీసుకోండి

తూర్పు కనుమలు ఒకే గోడలా ఉండవు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వీటిని కోసుకుంటూ సముద్రంలోకి పోయాయి కాబట్టి ముక్కలు ముక్కలుగా మిగిలాయి. ఎత్తైన ముక్క ఉత్తరాన, ఆంధ్ర ఒడిశా సరిహద్దు మీద ఉంది. అది మొత్తం ఒకేసారి నేర్చుకుందామనుకుంటే ఏదీ రాదు. అరకు చుట్టూ 25 కిలోమీటర్లో, పాడేరు చుట్టూ 25 కిలోమీటర్లో పెట్టుకుంటే మొదటి ఏడాదికి చాలు.

బయల్దేరే ముందు నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి. పాడేరు వైపు ఉన్న అర్మకొండ 1,680 మీటర్లు. దీన్నే జిందగడ అనీ, సీతమ్మకొండ అనీ చెప్పడం వింటాం. కొన్ని చోట్ల 1,690 అని కూడా రాస్తారు. ఒడిశా కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. శ్రీకాకుళం సరిహద్దుకి ఆవల గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. నాలుగోది శిమిలిగూడ రైల్వే స్టేషన్, 996 మీటర్లు. స్టేషన్ ఎత్తు ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చాలామందికి తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైనది మహేంద్రగిరి అనే గుర్తు. పోటీ పరీక్షల పుస్తకాల్లో అలాగే చదువుకున్నాం. అర్మకొండ దానికంటే 180 మీటర్లు దాకా ఎత్తు. మహేంద్రగిరికి అంత పేరు రావడానికి పురాణాలూ, కొండ మీది గుళ్ళూ కారణం, సముద్రానికి దగ్గరగా ఒంటరిగా లేచి కనబడడం మరో కారణం. అర్మకొండ చుట్టూ వెయ్యి మీటర్ల పీఠభూమి ఉండడం వల్ల దాని ఎత్తు కంటికి ఆనదు. ఈ ఒక్క సంగతి బాగా పట్టుకోండి, ముందు ముందు చాలా తప్పులు తప్పుతాయి.

మ్యాప్ తెచ్చుకోండి, గూగుల్ ఒక్కటీ చాలదు

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాప్ కావాలి. అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. వాళ్ళ ఆన్‌లైన్ మ్యాపుల పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే పీడీఎఫ్ ఉచితంగా వస్తుంది. పాత నంబర్లలో అరకుది 65 జె/15, పాడేరుది 65 జె/12. కొత్త సిరీస్‌లో నంబర్లు మారాయి కాబట్టి ఊరి పేరుతో వెతకడం తేలిక. జిరాక్స్ షాపులో ఏ1 సైజు కలర్ ప్రింట్ తీయించండి. సైజు మారితే స్కేలు కూడా మారిపోతుంది కాబట్టి మ్యాప్ కింద ఉన్న స్కేలు పట్టీని రూలరుతో కొలిచి, 2 సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు వస్తోందో లేదో చూసుకోండి.

మ్యాప్‌లో గోధుమ రంగు గీతలే కాంటూర్లు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపిన గీత అన్నమాట. ఈ మ్యాపుల్లో మామూలుగా ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. ప్రతి ఐదో గీతా లావుగా ఉంటుంది. చిన్న చుక్క పక్కన అంకె ఉంటే అది ఆ చోటి ఎత్తు. త్రికోణం గుర్తు ఉంటే అక్కడ సర్వే వాళ్ళు పరికరం పెట్టి కొలిచారని అర్థం. 1802లో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణ సర్వే, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడొలైట్‌ని కొండల మీదికి మోయించింది. ఏ కొండ నెత్తినుంచి మిగతా కొండలు బాగా కనబడతాయో దాన్నే ఎంచుకునేవాళ్ళు. అందుకే త్రికోణం ఉన్న శిఖరం మీకూ మంచి గుర్తు. అది చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది.

కాంటూర్లు అర్థం కాకపోతే ఎడమ చెయ్యి పిడికిలి బిగించండి. బాల్‌పెన్‌తో ఒక్కో కణుపు చుట్టూ చిన్న వలయం, దాని చుట్టూ కాస్త పెద్ద వలయం గీయండి. ఇంకాస్త కింద నాలుగు కణుపుల్నీ కలిపి ఒకే పెద్ద గీత వేయండి. ఇప్పుడు చెయ్యి చాపి బల్ల మీద పెట్టండి. మీ చేతి మీద ఉన్నదే టోపోషీట్. చిన్న వలయాలు శిఖరాలు, రెండు కణుపుల మధ్య పల్లం కనుమ, నాలుగింటినీ చుట్టిన గీత కొండ వరస. ఒక స్కూల్లో ఏడో తరగతి పిల్లలకి ఇది చేసి చూపించాను, గంట సేపు చెప్పినా ఎక్కనిది ఐదు నిమిషాల్లో ఎక్కింది.

ఇంకొక్క నియమం గుర్తుంచుకోండి. కాంటూర్లు వంపు తిరిగి వాటి మొన ఎత్తు వైపు చూస్తే అది లోవ, అంటే గెడ్డ (కొండవాగు) పారే చోటు. మొన పల్లం వైపు చూస్తే అది కొండ వెన్ను.

నీళ్ళు ఎటు పోతున్నాయో గీయండి

ఇది తొందరపడకూడని పని. నేనైతే ఒక ఆదివారం మొత్తం దీనికే పెడతాను. నీలం పెన్సిల్‌తో ప్రతి గెడ్డనీ పుట్టిన చోటు నుంచి కిందికి దిద్దండి. తర్వాత ఎర్ర పెన్సిల్ తీసుకుని ఏ నీలం గీతనీ దాటకుండా ఎత్తైన చోట్లన్నీ కలుపుకుంటూ పొండి. ఎర్ర గీత పడిన చోటే కొండ వెన్ను. శిఖరాలన్నీ దాని మీదే కూర్చుని ఉంటాయి.

అనంతగిరి దగ్గర ఇలా గీసిన రోజు నేను మ్యాప్ ముందు నుంచి చాలాసేపు లేవలేదు. అనంతగిరి కొండల తూర్పు వాలున పడ్డ వాన గోస్తనిలో చేరి, బొర్రా గుహల పక్కగా దిగి, తాటిపూడి రిజర్వాయరు దాటి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ముంచంగిపుట్టు వైపు పడిన వానది వేరే దారి. మాచ్‌ఖండ్ ఏరు దాన్ని ముందు ఉత్తరానికి, అంటే సముద్రానికి దూరంగా తీసుకుపోతుంది. డుడుమ దగ్గర జలపాతమై దూకి, సీలేరుగా మారి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి చేరి, ధవళేశ్వరం మీదుగా సముద్రానికి వస్తుంది. ఒకే రోజు, ఒకే మబ్బు కురిపించిన రెండు చుక్కల్లో ఒకటి భీమిలి, రెండోది కోనసీమ. వాటిని విడదీసేది మీరు గీసిన ఆ ఎర్ర గీతే.

ఒక శిఖరం ఈ పెద్ద గీత మీద ఉందా, దాని నుంచి పక్కకి చీలిన కొమ్మ మీద ఉందా అన్నది రాసుకోండి. "ఎవరి తాలూకు" అన్న ప్రశ్నకి జవాబు అదే.

శిఖరమా, భుజమా?

గుండ్రంగా మూసుకున్న ప్రతి కాంటూరునీ శిఖరం అనుకోకండి. ఎర్ర గీత మీద ఒక గడ్డ నుంచి పక్క గడ్డకి నడుస్తున్నట్టు ఊహించుకోండి. మధ్యలో అన్నిటికంటే దిగాల్సిన చోటు కనుమ. చిన్న గడ్డ ఆ కనుమ నుంచి ఎంత లేచిందో లెక్కపెట్టండి. రెండు కాంటూర్లే లేచిందంటే 40 మీటర్లు. అది పెద్ద కొండకి భుజం మాత్రమే. ఏడెనిమిది కాంటూర్లు, అంటే 150 మీటర్లు దాటితే నేను విడి శిఖరంగా రాసుకుంటాను. ఈ హద్దు నేను పెట్టుకున్నది. మీరు 100 పెట్టుకున్నా తప్పులేదు, అన్ని కొండలకీ ఒకే హద్దు వాడితే చాలు.

ఇంగ్లీషువాళ్ళు ఘాట్స్ అన్నా, మనం కనుమలు అన్నా, ఈ కొండల మొత్తానికి పేరు వచ్చింది శిఖరాల వల్ల కాదు, దాటే దారుల వల్ల. ఎడ్లబండి అయినా, కావడి అయినా, తర్వాత వచ్చిన రైలైనా తగ్గున్న చోటే వెతుక్కున్నాయి. అందుకే నేను శిఖరం కంటే ముందు కనుమని గుర్తుపడతాను. కనుమ తెలిస్తే దాని రెండు పక్కలా ఉన్నవి ఏవో తేలిపోతాయి.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. చాలా కొండల నెత్తి మొనదేలి ఉండదు, అరుగులా చదునుగా ఉంటుంది. ఇక్కడి రాయి ఎక్కువగా ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు ప్రజల పేరే దానికి పెట్టారు. కోణార్క్ గుడికి వాడింది ఎక్కువగా ఈ రాయినే. వాన, ఎండ కలిసి లక్షల ఏళ్ళు దీన్ని నమిలితే పైన బాక్సైట్ పొర మిగిలింది. గాలికొండ, రక్తకొండ నెత్తి మీద ఉన్నది అదే. అలాంటి కొండకి ఎత్తైన బిందువు ఎక్కడో కంటితో చెప్పలేం, మ్యాప్‌లో చుక్క చూడాల్సిందే.

రైల్లో వెళ్ళండి

వీలుంటే మొదటిసారి విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కండి. ప్రతి స్టేషన్ పసుపు బోర్డు మీద, పేరు కింద, సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ. ప్రతి బోర్డు మీది అంకెనీ రాసుకుంటూ వెళ్ళండి. శిమిలిగూడ దగ్గర 996 చూశాక రైలు అరకు వైపు దిగడం మొదలుపెడుతుంది. కొండ వరసని దాటడమంటే ఏమిటో ఒంటికి తెలిసేది అక్కడే.

ఆ బోర్డులతో ఇంకో ఉపయోగం ఉంది. ఫోన్‌లో ఎత్తు చూపించే యాప్ ఉంటే దాన్ని బోర్డుతో పోల్చి తేడా రాసుకోండి. కొన్ని యాప్‌లు ఉపగ్రహం ఇచ్చిన అంకెని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. ఆ అంకె సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, భూమిని నున్నటి గుండుగా ఊహించిన ఒక లెక్క నుంచి కొలిచింది. దక్షిణ భారతంలో అసలు సముద్ర మట్టం ఆ ఊహాగోళం కంటే కొన్ని పదుల మీటర్లు కిందికి ఉంటుంది. విశాఖ బీచ్‌లో నిలబడినా కొన్ని ఫోన్లు మైనస్ అంకె చూపించడానికి కారణం ఇదే. దాన్నే నమ్ముకుని కొండెక్కినవాళ్ళు "బోర్డు తప్పు" అని వాదించడం చూశాను. బోర్డు తప్పు కాదు.

ఇంటర్నెట్‌లో ఒకే శిఖరానికి రెండు మూడు ఎత్తులు కనిపిస్తే టెన్షన్ పడకండి. 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటం చాలా వెబ్ మ్యాపులకి ఆధారం. అది 30 మీటర్ల గడుల్లో సగటు ఎత్తు ఇస్తుంది కాబట్టి మొనదేలిన శిఖరం కాస్త తగ్గిపోతుంది, చెట్లున్న చోట కాస్త పెరుగుతుంది. అర్మకొండకీ దేవమాలికీ తేడా 8 మీటర్లే. అంటే ఒక కాంటూరు అంతరంలో సగం కూడా లేదు. దాని మీద గంటలు గంటలు కొట్లాడేకంటే రెండిటినీ కళ్ళారా చూసి రావడం మేలు.

అక్కడ నిలబడి చేయాల్సిన పని

దిక్సూచి తీసుకెళ్ళండి, ఫోన్‌లోది అయినా ఫరవాలేదు. కారుకీ, వ్యూపాయింట్ ఇనుప రెయిలింగుకీ పది అడుగులు దూరంగా జరగండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా దాదాపు ఒక డిగ్రీ లోపలే, కాబట్టి సవరణ గురించి బెంగ అక్కర్లేదు.

మీరు నిలబడిన చోటుని మ్యాప్‌లో గుర్తించండి. ఎదుటి కొండ ఎన్ని డిగ్రీల దిక్కులో ఉందో చూసి, ఆ దిక్కులో మ్యాప్ మీద సన్నటి గీత గీయండి. ఆ గీత మీద రెండు మూడు శిఖరాలు తగులుతాయి. ఏది మీకు కనిపిస్తున్నదో తేల్చడానికి చెయ్యి చాలు. చెయ్యి బారుగా చాపితే చిటికెన వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ, పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే కిలోమీటరు దూరానికి 17.5 మీటర్ల ఎత్తు.

లెక్క చేసి చూపిస్తాను. మీరు 910 మీటర్ల ఎత్తున లోయలో ఉన్నారనుకోండి. 8 కిలోమీటర్ల దూరంలో 1,500 మీటర్ల కొండ ఉంది. తేడా 590. ఎనిమిదితో భాగిస్తే కిలోమీటరుకి 74 మీటర్లు, అంటే నాలుగు వేళ్ళు దాటి కనిపిస్తుంది. అదే దిక్కులో 25 కిలోమీటర్ల అవతల 1,680 మీటర్ల శిఖరం ఉంటే తేడా 770. భూమి వంపు వల్ల, గాలిలో వెలుగు కాస్త వంగడాన్ని కూడా లెక్కేస్తే, అంత దూరంలో 42 మీటర్లు పోతాయి. మిగిలిన 728ని 25తో భాగిస్తే 29. రెండు వేళ్ళు కూడా నిండవు. అంటే ఎక్కువ ఎత్తున్నది తక్కువగా కనిపిస్తుంది, చాలాసార్లు దగ్గరి కొండ వెనక దాక్కునే పోతుంది. నేను మొదటి రెండేళ్ళూ అరకులో కనిపించిన ఒక దగ్గరి కొండనే అన్నిటికంటే ఎత్తైనదని నమ్మాను, స్నేహితులకీ అలాగే చెప్పాను. వేళ్ళతో కొలిచిన రోజున గాని తప్పు తెలియలేదు.

వంపు సవరణకి చిన్న పట్టిక మ్యాప్ వెనక రాసుకోండి: 10 కిలోమీటర్లకి 7 మీటర్లు, 20కి 27, 30కి 61.

ఒక్క చోటు నుంచి చూసి నిర్ణయానికి రాకండి. ఇంకో చోటికి వెళ్ళి అదే కొండకి మళ్ళీ దిక్కు తీసుకోండి. రెండు గీతలూ ఎక్కడ కలిశాయో అదే మీ శిఖరం. మూడో చోటు నుంచి కూడా సరిపోతే ఇక అనుమానం లేదు.

ఎప్పుడు వెళ్ళాలి? వర్షాలు వెనకబట్టాక, అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా గాలి శుభ్రంగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో పోడు పొగ, మసక వల్ల పది కిలోమీటర్ల అవతల ఏమీ కనబడదు.

డిసెంబరులో పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున నిలబడితే ప్రకృతే మీకోసం కాంటూరు గీసి పెడుతుంది. చల్లగాలి రాత్రంతా లోయల్లోకి దిగి మంచు నింపుతుంది. ఆ మంచు పైభాగం చెరువు నీళ్ళలా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. దాన్ని చీల్చుకుని పైకి వచ్చినవన్నీ ఆ మట్టం కంటే ఎత్తు, మునిగినవన్నీ తక్కువ. సూర్యుడు రాకముందు ఒక ఫోటో తీయండి. తర్వాత కదలకుండా అక్కడే ఉండి ప్రతి పది నిమిషాలకీ ఒకటి తీయండి. మంచు కరిగి దిగుతున్న కొద్దీ ఒక్కో కొండా బయటపడుతుంది. ముందు భుజాలు, తర్వాత కనుమలు. ఏ కొండ ఏ కొండతో ఏ కనుమ దగ్గర చెయ్యి కలిపిందో అప్పుడు కనబడినంత స్పష్టంగా ఏ మ్యాప్‌లోనూ కనబడదు. ఇంటికొచ్చాక ఆ ఫోటోల్ని టోపోషీట్ పక్కన పెట్టుకోండి.

పేర్లు ఊళ్ళో అడగండి

మ్యాప్‌లో సగం శిఖరాలకి అంకె తప్ప పేరుండదు. పేరు ఆ కొండ కింద ఊళ్ళో ఉంటుంది. సంతరోజు అయితే మంచిది, చుట్టుపక్కల వాళ్ళందరూ వస్తారు. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ముందు మీరెవరో చెప్పి, తర్వాత అడగండి. "తాతా, ఈ కొండని మీరేమంటారు?" అని అడిగితే, "ఏ పక్క బాబూ?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. నాకు అలాగే వచ్చింది. మనకి ఒకే కొండగా కనిపించేదానికి ఆయన నాలుగు పేర్లు చెప్పాడు. కందులు వేసే వాలుకి ఒకటి, ఊట ఉన్న లోవకి ఒకటి, పశువులు మేసే చదునుకి ఒకటి, దేవుడున్న నెత్తికి ఒకటి. ఒకే పేరు చెప్పమని ఒత్తిడి చేయకండి. నాలుగూ రాసుకోండి, ఏది ఎక్కడో మ్యాప్‌లో పెట్టించుకోండి.

పేరు చివరి ముక్క కూడా చాలా చెబుతుంది. సుంకరిమెట్టలో మెట్ట అంటే గట్టు. ఆదివాసీ ఒడియాలో డొంగర్ అంటే కొండ. గెడ్డ అని ఉంటే ఆ పక్కనే నీరుంది. ఒక కొండకి కువి (ఖోండుల భాష) పేరు, ఒడియా పేరు, తెలుగు పేరు మూడూ ఉండవచ్చు, మూడూ సరైనవే. విన్నది విన్నట్టు రాయండి, మన నోటికి తిరిగేలా మార్చకండి.

నెత్తికి ఎక్కాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి కనుక్కోండి, ఆ ఊరి మనిషిని తోడు తీసుకుని కూలి సరిగ్గా ఇవ్వండి, ఎలుగుబంట్లు తిరిగే పొద్దుగూకే వేళకి కిందికి వచ్చేయండి. దేవుడున్న చోటుకి రావద్దంటే వెళ్ళకండి.

చివరగా నోటుబుక్కులో ఒక్కో శిఖరానికి ఒక్కో పేజీ పెట్టండి. ఏ వెన్ను మీద ఉంది, రెండు పక్కల కనుమలేవి, కనుమ నుంచి ఎంత లేచింది, నీళ్ళు ఏ గెడ్డ ద్వారా ఏ నదికి పోతాయి, పేర్లు ఎవరెవరు ఏమన్నారు, ఎక్కడి నుంచి ఏ దిక్కులో చూశారు. ఎత్తు రాసిన చోట అది ఎక్కడి నుంచి తీసుకున్నారో పక్కనే రాయండి. ఒకే చోటు నుంచి కనిపించే కొండల వరసని పెన్సిల్‌తో అడ్డంగా గీసి ఒక్కోదాని మీద పేరు పెట్టండి. బొమ్మ బాగా రాకపోయినా కనుమలు సరైన చోట పడితే చాలు. దాన్ని జిరాక్స్ తీయించి, మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పేర్లు చెప్పిన ఊరి బడిలో ఒకటి ఇచ్చి రండి.